నీటి నడుమ నేల: కోనసీమలో పిల్లలతో మూడు రోజులు

సెలవులు దగ్గర పడుతున్నాయంటే సంఘంలోని తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుందండి? ఊరికే తిని తిరిగి రావడం కాకుండా నాలుగు విషయాలు తెలిసేటట్టు ఉండాలండి." కొందరు ఊటీ అంటారు. కొందరు విశాఖపట్నం అంటారు. కాస్త చేతిలో డబ్బు ఆడేవారు అండమాన్ దీవుల పేరు ఎత్తుతారు. దీవి చూడాలంటే ఓడ ఎక్కి అంతదూరం పోనక్కరలేదని మేము చెబుతాము.

కోనసీమ దీవే. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం, మధ్యలో వైనతేయ. ధవళేశ్వరం దగ్గర నది చీలినచోట మొదలై సముద్రం దాకా విచ్చుకున్న విసనకర్ర లాంటి నేల అది. ఈ మధ్యకాలంలో వంతెనలు బాగా వచ్చాయి కనుక మనం దీవిలోకి అడుగుపెడుతున్నామన్న సంగతే తెలియడం లేదు. 2001లో చించినాడ వంతెన, 2002లో యానాం-ఎదుర్లంక వంతెన వచ్చాయి. అమలాపురానికి మాత్రం ఇంకా రైలు రాలేదు. 2022 నుండి ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట జిల్లా అయింది.

దిండిలో హౌస్‌బోటు ఎక్కడం, కొబ్బరి తోటల్లో ఫోటోలు దిగడం, ఆత్రేయపురం పూతరేకులు కట్టించుకోవడం, వీటిలో ఏ తప్పూ లేదు. పూతరేకుల విషయంలో మేమే ముందుంటాము. అయితే సినిమాలలో వందసార్లు చూసిన కొబ్బరి చెట్టును మళ్ళీ చూడడానికే మూడు రోజులు ఖర్చు చేయడం దేనికి? ఈ నేలను పచ్చగా చేసిన చేతులు ఎవరివో పిల్లలకు చూపించాలని మాకు ఆశ. అందుకే మేము నీటి వెంబడి నడిచాము. నీరు ఎక్కడ మళ్ళిందో అక్కడ మొదలుపెట్టి, సముద్రంలో కలిసేచోటికి దిగాము. మీకూ అదే దారి చెబుతాము.

మొదటి పూట రాజమహేంద్రవరంలోనే గడపాలి. గోదావరి గట్టుకు దగ్గరలో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. ఆయన 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారు. ఇక్కడి కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఆ కుర్రవాడి చేతిలోని వరాన్ని గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకొనేటట్టు ప్రోత్సహించారు. తిరిగివచ్చి ఊళ్ళోనే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టిన రామారావు గారు 1925లో మశూచికంతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. మశూచికం అంటే ఏమిటని మా పిల్లలు అడిగారు. ఆ జబ్బు ఈ లోకంలో లేకుండా పోయిందని చెప్పగలిగినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాము.

ఆ బొమ్మల దగ్గర తొందరపడకండి. "పుష్పాలంకరణ", "సిద్ధార్థ రాగోదయం", "ఋష్యశృంగ బంధనం" వంటివి చూస్తుంటే మన ఇంటి ఆడవాళ్ళు కూర్చునే తీరు, జడ వేసుకునే తీరు, చీర కుచ్చెళ్ళు నేల మీద పడే తీరు కనబడతాయి. సీమ చిత్రాల నకలు కాదవి. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుద్ధవరపు కామేశ్వరి గారు కూడా చిత్రకారులే. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్ళు కుంచె పట్టడం చిన్న సంగతి కాదు. ఆయన పోయిన తరువాత మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని నిలబెట్టారు.

ఇక్కడ ఒక మాట. పురాణ కథల బొమ్మలు విశ్వాసుల పిల్లలకు చూపించవచ్చునా అని కొందరు సహోదరులు సందేహపడతారు. పౌలు ఏథెన్సు పట్టణంలో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చూడండి. ఆయన కళ్ళు మూసుకొని నడవలేదు. ఆ ఊరివారు పూజించేవాటిని సంచరిస్తూ చూశాడు, వారి కవుల మాట ఎత్తి వారితో మాట్లాడాడు. చూడడం వేరు, మొక్కడం వేరు. పొరుగువాడి కథ తెలియనివాడు పొరుగువాడితో ఏం మాట్లాడగలడు?

అదే ఊళ్ళో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు కూడా ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించిన పట్టణం ఇది. సమయం ఉంటే అరగంట చూడండి.

రెండవ పూట ధవళేశ్వరం. రాజమహేంద్రవరానికి దిగువన, దగ్గరే. కాటన్ మ్యూజియం చూడకుండా ఈ ప్రయాణానికి అర్థమే లేదు. ఆనకట్ట నమూనాలు, ఆ కాలపు పనిముట్లు, యంత్రాలు, పటాలు ఉంటాయి. బయట గుర్రం మీద కాటన్ దొర విగ్రహం. పిల్లలు లోపలి నమూనాల దగ్గర కదలరు. తూములు ఎలా తెరుచుకుంటాయో, నీరు ఏ కాలవలోకి ఎలా మళ్ళుతుందో వేలు పెట్టి చూపించవచ్చు.

కథ క్లుప్తంగా ఇది. 1832-33లో నందన కరువు. 1839లో ఉప్పెన. పక్కనే ఇంత నది పోతున్నా జనం తిండిలేక చచ్చారు. ఆర్థర్ కాటన్ 1803లో పుట్టిన ఇంజినీరు. కావేరి మీద చోళులు కట్టిన పాత కల్లణైని పరిశీలించి, ఇసుక నేల మీద రాయి ఎలా నిలుస్తుందో అక్కడి పూర్వికుల పనిలో నేర్చుకున్నానని ఒప్పుకున్న మనిషి. దొరతనంలో అలా ఒప్పుకున్నవారు తక్కువ. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ళ వెడల్పున్న నది అది. కొండ నుండి రాయి మోయడానికి పట్టాలు వేసి బండ్లు నడిపారు. బొంబాయి-ఠాణా మధ్య 1853లో మనుషుల రైలు నడవక ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాయి నడిచిందన్నమాట! ఇప్పుడు మనం చూసేది ఆ పాత ఆనకట్ట కాదు. దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. మా అబ్బాయి లెక్కపెడతానని బయలుదేరి డెబ్బయ్యవ దాని దగ్గర ధవళేశ్వరం భాగం అయిపోవడంతో ఆగాడు.

కాటన్ దొర దైవభక్తి గలవాడు. గోదావరి జిల్లాలలో ఆయనను ఈనాటికీ తలుచుకోని రైతు లేడు. ఊరూరా విగ్రహాలున్నాయి. తర్పణాలలో ఆయన పేరు చెప్పేవారున్నారు. మంచిదే. అయితే మ్యూజియంలో తిరుగుతున్నప్పుడు మేము పిల్లలను ఒక ప్రశ్న అడిగాము. "ఈ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయో వెతకండి."

వీణం వీరన్న గారి పేరు దొరుకుతుంది. కాటన్‌కు కుడిభుజంగా ఉండి కూలీలను సమకూర్చి పని నడిపించిన తెలుగు అధికారి ఆయన. 1867లో మరణించారు. ఆయన పేరు తెలుసుకోవలసిందే. ఆయన తరువాత? వేలమంది ఆడా మగా తట్టలు మోశారు. కాలవలు తవ్వారు. మోకాటిలోతు బురదలో నిలబడి రాయి పేర్చారు. వారిలో ఒక్కరి పేరైనా పిల్లలకు దొరకలేదు.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయాన్ని మనలో చాలామంది పేర్ల జాబితా అని దాటవేస్తాము. యెరూషలేము గోడ కట్టినవారి పేర్లు అక్కడ వరసగా ఉంటాయి. కంసాలి పేరు, పరిమళ ద్రవ్యాలు చేసేవాని పేరు, ఏ గుమ్మం ఎవరు కట్టారో, ఏ మూల ఎవరు బాగుచేశారో అన్నీ. షల్లూము అనే అధికారి కుమార్తెలు కూడా పని చేశారని 12వ వచనం చెబుతుంది. ఆ సాయంత్రం బ్యారేజి గట్టు మీద కూర్చొని ఆ అధ్యాయమంతా చదివించాము. పిల్లలు మొదటిసారి ఆ పేర్లను విసుగు లేకుండా చదివారు. డెల్టాలోని మన సంఘాలలో కాలవ తవ్విన చేతుల సంతానం ఎంతోమంది ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవారుంటే అడిగి చూడండి. మేము ఒక పెద్దాయనను అడిగితే, "మా తాతగారి తాతగారు తట్ట మోశారనేవారండి. పేరు మాత్రం మాకు తెలీదండి" అన్నారు. మూడు తరాలకే ఆ పేరు జారిపోయింది.

బ్యారేజి మీదుగా బొబ్బర్లంక చేరితే దీవిలోకి ప్రవేశించినట్టే. అక్కడి నుండి కాలవ గట్టు వెంబడే ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం. లొల్ల లాకుల దగ్గర నీటిమట్టం మారే విధానం చూపించి, ఒకప్పుడు పడవలు కాలవలో ఎలా ఎక్కి దిగేవో చెప్పండి. రోడ్లు లేని కాలంలో ధాన్యం, పెళ్ళివారు, సువార్తికులు అందరూ ఈ పడవల మీదే ప్రయాణించారు.

కోనసీమలో మేము ఎక్కువ సేపు నిలిచిపోయిన చోటు మాత్రం పి. గన్నవరం. ఇక్కడ వైనతేయ నది మీదుగా ఒక కాలవ దాటుతుంది. నది మీద కాలవ! కింద ఒక నీరు, పైన ఒక నీరు. అవతల ఉన్న నగరం లంకకు సాగునీరు అందించడానికి 1850ల ఆరంభంలో 49 కమానులతో ఈ అక్విడెక్టు కట్టారు. పాతబడిన తరువాత పక్కనే కొత్తది వచ్చింది. ఆ పాత కమానుల వరస నదిలో అలా నిలబడి ఉంటే, బడిలో చదివిన రోమా పట్టణపు కట్టడాలు గుర్తుకు వస్తాయి.

దీనిని కట్టించిన యువ ఇంజినీరు హేగ్. ఆయన తరువాతి రోజుల్లో గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో పనిచేస్తూ 1860 ప్రాంతంలో కోయవారి మధ్య సువార్త పనికి నాంది పలికాడు. వంతెన కట్టిన చెయ్యి, వాక్యం పట్టిన చెయ్యి ఒకటే కావడం మాకు ఎంతో సంతోషం కలిగించింది.

కొత్త అక్విడెక్టుకు ఏ దొర పేరూ పెట్టలేదు, ఏ మంత్రి పేరూ పెట్టలేదు. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుండి 1909 వరకు జీవించిన ఈ తల్లి ఇక్కడి లంకల గన్నవరంలో కాపురం ఉండి, రేవు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. వరదల్లో చిక్కుకున్నవారికి కూడా పెట్టారు. కులం అడగలేదు. మేము క్రైస్తవులము, ఆమె కాదు. అయినా మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు, అన్నం పెట్టిన చెయ్యి ఏ మతానిదని చూడమన్నాడా? ఆ ఉపమానంలో ప్రభువు మెచ్చినవాడు ఎవరో మనకు తెలుసు. సర్కారు బడిలో చదివే పిల్లలకు ఈ పేరు కొత్త కాదు. 2024 నుండి బడిలో పెట్టే మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరు మీదనే ఉంది. రోజూ కంచంలో చూసే పేరు వెనుక ఒక మనిషి, ఒక ఊరు, ఒక రేవు ఉన్నాయని తెలిసి మా అమ్మాయి ఆ పేరు పలక దగ్గర చాలాసేపు నిలబడింది.

అంబాజీపేట ప్రాంతంలో ఉదయం ఆగితే పొట్టిక్కలు తినకుండా రాకండి. పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ అది. చెంచా అడగకండి, నవ్వుతారు. ఆ బుట్టలు కుట్టే చేతుల వేగం చూసి తీరవలసిందే.

యానాం వెళ్ళాలా అని కొందరు అడిగారు. వెళ్ళవచ్చు. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చేస్తుంది. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఊరు, పాత కేథలిక్ దేవాలయం ఉంది. బాల్య వివాహాలు కూడదని 1929లో శారదా చట్టం వచ్చాక, అది చెల్లని యానాంకు పిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి జనం పడవలెక్కి పోయారని పెద్దపిల్లలకు చెప్పండి. చట్టం నది ఒడ్డున ఆగిపోతే ఏమవుతుందో వారికి అర్థమవుతుంది. మేమైతే అక్కడ ఒక పూటకు మించి ఉండము.

మూడవ రోజు తెల్లవారి అంతర్వేది వైపు. తీర్థం రోజులలో, అంటే మాఘమాసంలో, జనం విపరీతం. చిన్నపిల్లలతో అప్పుడు వద్దు. మిగతా రోజులలో లైట్‌హౌసు, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూడవచ్చు. అక్కడ నీటిలో దిగవద్దు, నది నెట్టుడు ఒకవైపు, సముద్రపు లాగుడు ఇంకొకవైపు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఈ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. ఒక మత్స్యకారుల తల్లి మా పిల్లలతో, "మీరు చూసే చెట్లన్నీ ఆ తర్వాత పెట్టినవే బాబూ" అంది. పచ్చదనం కూడా మనుషులు మళ్ళీ నాటితే వచ్చిందేనని అప్పుడు తోచింది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. ఇక్కడ వంతెన లేదు. అందుకే దీవి నుండి బయటికి వస్తున్నామని ఒంటికి తెలుస్తుంది. పంటు మీద కారు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, కళాశాల పిల్లలు, అందరూ ఒకే చెక్క మీద. వరద రోజులలో పంటు ఆపేస్తారు కనుక వానాకాలంలో ఈ దారి పెట్టుకోకండి.

నరసాపురం పిల్లలకు చెప్పవలసిన ఊరు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ ఓడలు కట్టేవారు. పక్కనున్న మాధవాయిపాలెంలో నేసిన బట్టకు ఆ ఊరి పేరే నిలిచి, "మాదపొల్లం" అని లోకమంతా అమ్ముడుపోయింది. పాలకొల్లులో డచ్చివారి గిడ్డంగులుండేవి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారి పిలుపు మేరకు ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో బయలుదేరి ఈ డెల్టాకు వచ్చారు. గోదావరి డెల్టా మిషను వారితోనే మొదలు. బౌడెన్ రాతిపని చేసేవాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. ఈ సంగతి మేము సంఘాలలో తరచుగా చెబుతుంటాము. ఎందుకంటే ఈ దేశంలో చెప్పులు కుట్టే చేతిని ఊరి బయట ఉంచినవారు ఎందరో ఉన్నారు. అలాంటి చెయ్యి దేవుని వాక్యం పట్టుకొని వీధిలోకి వచ్చింది.

ఇక లేసు. నరసాపురం లేసు అంటే లోకంలో పేరు. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీ దొరసానులు ఇక్కడి పేద స్త్రీలకు నేర్పిన క్రోషా అల్లిక ఇది. క్రైస్తవ ఇళ్ళలో మొదలై అన్ని కులాల ఇళ్ళకూ పాకింది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దుకాణంలో కొనేముందు అల్లే ఇల్లు ఒకటి చూడండి. తెలిసిన విశ్వాసులుంటే సంతోషంగా చూపిస్తారు.

మేము ఒక సహోదరి ఇంటికి వెళ్ళాము. "వందనాలండి అయ్యగారూ, రండమ్మగారూ" అని మంచం వాల్చి కూర్చోబెట్టి, మాట్లాడుతూనే అల్లుతున్నారు. చూపు సూది మీద లేదు, మా మీద ఉంది. ఒక పువ్వుకు ఎంత సేపు పడుతుందని మా అమ్మాయి అడిగింది. "ఎసట్లో బియ్యం పోసి మొదలెడితే, గంజి వార్చే వేళకి అయిపోద్దమ్మా" అన్నారామె. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు, వేరొకరు సరుకు పట్టుకెళ్తారు. దుప్పటి పూర్తయ్యేసరికి అది ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో! మరి కూలి? ఆమె నవ్వి ఊరుకున్నారు. కాసేపటికి, "ఖాళీగా కూచోడం ఎందుకని చేస్తామండి, గిట్టడానికి కాదండి" అన్నారు.

ఖాళీగా కూచున్నవారు ఆ ఇంట్లో ఎవరూ మాకు కనబడలేదు. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు స్త్రీల మీదనే ఒక గ్రంథం రాసి 1982లో ప్రచురించారు. రోజంతా అల్లే స్త్రీని "ఇంటిపట్టున ఉండే ఇల్లాలు" అని పిలిచి, ఆమె పనిని తీరిక కాలపు సరదాగా లెక్కకట్టడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. లేసు సముద్రాలు దాటి పోయింది, లాభం ఎగుమతి చేసేవారికి చేరింది. దానం ఇచ్చినట్టు కాకుండా, అడిగిన ధర ఇచ్చి, బేరం ఆడకుండా కొనండి. వీలైతే అల్లినవారి చేతి నుండే కొనండి. యొప్పేలో దోర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఆమె కుట్టిన అంగీలు చూపించి ఏడ్చారు. ఆ అంగీలు ఎవరు కుట్టారో వారందరికీ తెలుసు. మన ఇళ్ళలో టీపాయ్ మీద, టీవీ మీద పరిచిన లేసు ఎవరు అల్లారో మనలో ఎందరికి తెలుసు?

ప్రభురాత్రి భోజనపు బల్ల మీదకు ఒక గుడ్డ తీసుకున్నాము. మా అమ్మాయి ఆమె పేరు అడిగింది. "పేరెందుకమ్మా, లేసే కదా" అన్నారు. అది ఊరుకోలేదు. పేరు అడిగి, అతుకుపని చేసిన పొరుగింటి ఆమె పేరు కూడా అడిగి, రెండూ తన పుస్తకంలో రాసుకుంది. ఆదివారం సంఘంలో బల్ల సిద్ధపరచినప్పుడు ఆ రెండు పేర్లు చదివి వారి కోసం ప్రార్థన చేయించాము.

నరసాపురం నుండి తిరుగు ప్రయాణానికి రైళ్ళున్నాయి. పండుగ సెలవులలో సీట్లు దొరకవు, ముందుగానే తీసుకోండి. దీవి చూడడానికి క్రిస్మస్ తరువాతి నుండి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. మ్యూజియం, చిత్రశాలల సెలవు రోజులు, వేళలు బయలుదేరక ముందే కనుక్కోండి. చీకటి పడితే దీవిలో దోమలు ఎక్కువ, ఓడోమాస్ మరువకండి.